తాగుడు మాన్పించే స్వచ్ఛంద కేంద్రాలు ఎవరి డబ్బుతో నడుస్తాయి?

ఇంట్లో ఒకరు తాగుడుకో, గంజాయికో, మత్తు మాత్రలకో బానిసైతే ఆ కుటుంబం మొదట అడిగేది ‘ఎక్కడ చేర్చాలి?’ అని. ఆ తర్వాత ‘ఎంత అవుతుంది?’ అని. ‘ఆ కేంద్రం రెండేళ్ల తర్వాత కూడా ఉంటుందా?’ అని మాత్రం ఎవరూ అడగరు. నిజానికి అదీ అడగవలసిందే. తాగుడు మానడం నెల రోజుల్లో తెమిలే పని కాదు. మానిన మనిషి ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ తడబడితే, వెళ్లి తలుపు తట్టడానికి ఆ కేంద్రం అక్కడ ఉండాలి. తనను ఎరిగిన కౌన్సెలర్ లోపల ఉండాలి.

స్వచ్ఛంద సంస్థలు నడిపే వ్యసన విముక్తి కేంద్రాలకు డబ్బు ఏయే దారుల్లో వస్తుంది, ఏ దారిలో ఏ చిక్కు ఉంది, బళ్లారి, హొసూరు, బరంపురం, షోలాపూర్, యానాం లాంటి చోట్ల తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్లు ఇందులో చేయగలిగిందేమిటి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

అవసరం ఎంత, అందేది ఎంత

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ జరిపిన దేశవ్యాప్త సర్వే నివేదిక 2019లో వెలువడింది. దాని ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల మధ్య వయసువారిలో 14.6 శాతం, అంటే దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వారిలో దాదాపు 5.7 కోట్ల మందికి తాగుడు తెచ్చిన సమస్యల నుంచి బయటపడటానికి సాయం కావాలి. మద్యానికి పూర్తిగా బానిసైనవారిలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒక్కరికే. ఎక్కడైనా చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరు.

ప్రభుత్వ ఆస్పత్రుల మానసిక వైద్య విభాగాల్లో చికిత్స ఉన్నా పడకలు కొద్దే. ప్రైవేటు కేంద్రాల ఖర్చు కూలి మీద బతికే కుటుంబం మోయలేదు. ఈ రెంటి మధ్య ఖాళీని కొంతవరకైనా పూడుస్తున్నవి స్వచ్ఛంద సంస్థలు. ట్రస్టుగానో సొసైటీగానో నమోదై, లాభం పంచుకోకుండా నడిచేవి ఇవి.

ఖర్చు దేనికి అవుతుంది

వ్యసన విముక్తి కేంద్రం అనగానే మందులు, ఇంజెక్షన్లు గుర్తొస్తాయి. ఆ ఖర్చు మొదటి వారం పది రోజులదే ఎక్కువ. బాగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం మాత్రమే కాదు, మూర్ఛలు రావచ్చు, మతి భ్రమించవచ్చు, ప్రాణాల మీదికీ రావచ్చు. అందుకని ఆ రోజుల్లో డాక్టరు, నర్సు తప్పనిసరి.

ఆ గండం గడిచాక పని అంతా మనుషులది. రోగితో రోజూ కూర్చుని మాట్లాడే కౌన్సెలర్, భార్యనూ తల్లిదండ్రులనూ పిలిచి కూర్చోబెట్టేవారు, వంటవారు, రాత్రి కాపలా ఉండేవారు, లెక్కలు రాసేవారు. కేంద్రాన్ని బట్టి ఈ దశ మూడు వారాల నుంచి మూడు నెలల దాకా ఉంటుంది. అద్దె, తిండి, జీతాలు ప్రతి నెలా ఆగకుండా కట్టాల్సినవే.

ఇంటికి పంపాక అసలు పని మొదలవుతుంది. బీపీ, ఉబ్బసం లాంటి దీర్ఘకాలిక జబ్బుల్లో మాదిరిగానే, చికిత్స పొందినవారిలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ వ్యసనంలోకి జారతారని అమెరికా జాతీయ సంస్థ అంచనా. జారినంత మాత్రాన చికిత్స వృథా అయినట్టు కాదు, మళ్లీ పట్టి నిలబెట్టాలి. దానికి ఫోన్లు చేయాలి, ఇళ్లకు వెళ్లాలి, వారం వారం సమావేశాలు పెట్టాలి. ఏడాదో రెండేళ్లో సాగే ఈ పనిలో ఫొటో తీసి చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే దీనికి డబ్బు ఇచ్చేవారు తక్కువ. స్వచ్ఛంద కేంద్రాల ఆర్థిక సమస్య అంతా ఒక్క మాటలో చెప్పాలంటే ఇంతే: పడకకు డబ్బు దొరుకుతుంది, పలకరింపుకు దొరకదు.

కేంద్ర ప్రభుత్వ గ్రాంటు

స్వచ్ఛంద కేంద్రాలకు అన్నిటికంటే పెద్ద దారి కేంద్ర సామాజిక న్యాయ శాఖ. మద్యం, మత్తు పదార్థాల వాడకం నివారణకు స్వచ్ఛంద సంస్థలకు సాయం చేసే పథకం 1985-86లో మొదలైంది. మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం కూడా 1985లోనే వచ్చింది. పాత పథకంలో ఆమోదించిన ఖర్చులో 90 శాతం దాకా ప్రభుత్వం ఇచ్చేది, మిగిలింది సంస్థ సొంతంగా సమకూర్చుకోవాలి. తర్వాత ఇది మత్తు పదార్థాల గిరాకీ తగ్గింపు జాతీయ కార్యాచరణ ప్రణాళికలో భాగమైంది. 2020 ఆగస్టు 15న మొదలుపెట్టిన నశా ముక్త్ భారత్ అభియాన్ దీనికి తోడు నడిచే ప్రచార కార్యక్రమం. మొదట 272 జిల్లాల్లో ప్రారంభమైంది.

ఈ ప్రణాళిక కింద గ్రాంటు పొందే చికిత్స కేంద్రాలను సమీకృత పునరావాస కేంద్రాలు అంటారు. ఆఫీసు కాగితాల్లో, బోర్డుల మీద ‘ఐఆర్‌సీఏ’ అని కనిపిస్తుంది. దేశంలో ఇవి 340కి పైగా ఉన్నాయి. 15 పడకల కేంద్రం చాలాచోట్ల కనిపించే రకం. వీటిలో చికిత్స ఉచితం. ఇవి కాక వీధుల్లో తిరిగి వ్యసనపరులను కలిసే కేంద్రాలు, యువకుల ద్వారా యువకులకు చెప్పించే కార్యక్రమాలు కూడా స్వచ్ఛంద సంస్థల చేతుల మీదుగానే నడుస్తాయి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఎయిమ్స్ ద్వారా పెట్టిన చికిత్స విభాగాలు వేరు.

గ్రాంటు కావాలంటే సంస్థ నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో నమోదై ఉండాలి, ఇ-అనుదాన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, తనిఖీ జరగాలి, ఆడిట్ లెక్కలు ఉండాలి. ముందు ఇచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో వినియోగ ధ్రువపత్రం ఇస్తేనే తర్వాతి వాయిదా కదులుతుంది. ప్రజల డబ్బు కాబట్టి ఈ జాగ్రత్తలు కావలసినవే.

చిక్కు కాలంతో వస్తుంది. తనిఖీ నివేదిక ఆలస్యమైనా, ఒక కాగితం తక్కువైనా, ఆర్థిక సంవత్సరం ముగింపు దగ్గరపడినా వాయిదా వెనక్కి పోతుంది. జీతాలు, కిరాణా, అద్దె ఆగవు. ఊహకు ఒక లెక్క చూడండి. ఒక కేంద్రానికి నెలకు 3 లక్షల రూపాయలు ఖర్చవుతుందని, గ్రాంటు ఆరు నెలలు ఆలస్యమైందని అనుకుందాం. కేంద్రం తెరిచి ఉండాలంటే సంస్థ చేతిలో 18 లక్షలు ఉండాలి. అంత నిల్వ లేని సంస్థ ముందు కిరాణా కొట్టులో అప్పు పెడుతుంది, తర్వాత జీతాలు ఆపుతుంది. జీతం రాని కౌన్సెలర్ మూడో నెలలో వేరే ఉద్యోగం చూసుకుంటారు. గ్రాంటు చివరకు వస్తుంది, కానీ రోగులు నమ్మిన ఆ మనిషి తిరిగి రారు. మంజూరైన గ్రాంటు చేతికి వచ్చేలోపే చాలా చిన్న సంస్థలు అలసిపోతాయి.

మద్యం ఆదాయం ఒకవైపు, చికిత్స ఖర్చు మరోవైపు

మద్యం మీద పన్ను రాష్ట్రాలది. తమిళనాడులో చిల్లర మద్యం అమ్మకం 2003 నుంచి ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతిలోనే ఉంది. 2023-24లో దాని ద్వారా రాష్ట్రానికి వచ్చిన పన్నుల ఆదాయం 45 వేల కోట్ల రూపాయలకు పైనే. అదే ఏడాది కేంద్రం తన జాతీయ కార్యాచరణ ప్రణాళికకు దేశం మొత్తానికి కేటాయించింది 300 కోట్లకు కాస్త పైన. ఒకటి రాష్ట్ర ఆదాయం, ఇంకొకటి కేంద్ర వ్యయం కాబట్టి రెంటినీ నేరుగా పోల్చడం సరికాదు గానీ, సీసా మీద వచ్చే రూపాయిలో చికిత్సకు చేరేది ఎంత చిన్న వాటానో అర్థం కావడానికి ఇది చాలు.

రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం ప్రయత్నించాలని చెబుతుంది. ఆ దారిలో నడిచిన అనుభవం తెలుగువాళ్లకు ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రాన్ని కదిలించింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఖజానా భారం పేరుతో అది సడలిపోయింది. దుకాణాన్ని మూయించడం ఒక పని, దుకాణానికి అలవాటుపడ్డ మనిషిని నిలబెట్టడం ఇంకో పని. మొదటిదాని మీద జరిగినంత చర్చ రెండోదాని ఖర్చు మీద ఎన్నడూ జరగలేదు.

యానాం పరిస్థితి ఇంకో రకం. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన పుదుచ్చేరిది. మద్యం ధర పొరుగున ఉన్న ఆంధ్ర కంటే తక్కువ కావడంతో కొనేవారు బయటి నుంచీ వస్తారు. పరిపాలనా కేంద్రం 800 కిలోమీటర్లకు పైగా దూరం. జబ్బు చేసినవారికి దగ్గరి పెద్దాస్పత్రి కాకినాడలో ఉంది. రోగి ఒక రాష్ట్రంలో, దస్త్రం ఇంకోచోట ఉన్నప్పుడు చికిత్స తర్వాతి పలకరింపు ఎవరి బాధ్యతో తేలదు. సరిహద్దుల్లో ఉండే తెలుగువాళ్లకు ఈ ఇబ్బంది యానాంలోనే కాదు, హొసూరులోనూ రాయగడలోనూ తెలిసిందే.

విరాళంతో మొదలై నిలిచినవి

గ్రాంటు కంటే ముందు వ్యక్తుల విరాళంతో మొదలై, నిలదొక్కుకున్న కేంద్రాలు మన పొరుగునే ఉన్నాయి. చెన్నైలో శాంతి రంగనాథన్ భర్త తాగుడు వల్ల చనిపోయాక 1980లో ఆయన పేరిట టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్‌ను ప్రారంభించారు. టీటీకే ఆస్పత్రిగా అందరికీ తెలిసింది అదే. వ్యాపార కుటుంబం ఇచ్చిన ఆసరాతో మొదలై, కొందరు రోగుల రుసుము, విరాళాలు, ప్రభుత్వ సాయం, ఇతర సంస్థల సిబ్బందికి ఇచ్చే శిక్షణ అన్నీ కలుపుకుని సాగింది. చెన్నైకి రాలేని పల్లె జనం కోసం తంజావూరు ప్రాంతంలోని మంజక్కుడి లాంటి ఊళ్లలో శిబిరాలు పెట్టింది. ఆమెకు 1992లో పద్మశ్రీ వచ్చింది.

పుణెలో ముక్తాంగణ్ 1986లో మొదలైంది. రచయిత అనిల్ అవచట్ మత్తు మందుల బారిన పడ్డ యువకుల గురించి రాసిన వ్యాసాలు చదివి కదిలిన ప్రసిద్ధ మరాఠీ రచయిత పు.ల. దేశ్‌పాండే, ఆయన భార్య సునీత లక్ష రూపాయలు ఇచ్చి కేంద్రం పెట్టమన్నారు. అనిల్ భార్య, మానసిక వైద్యురాలు డాక్టర్ అనిత ఎరవాడ మానసిక వైద్యశాల ఆవరణలోనే దాన్ని నడిపించారు. అంటే డబ్బు దాతది, చోటు ప్రభుత్వానిది, శ్రమ స్వచ్ఛందం. మూడూ కలవడం వల్లే అది బతికింది. ముంబైలో 1981లో ఫాదర్ జో పెరీరా స్థాపించిన కృపా ఫౌండేషన్ చర్చి ఆవరణలో మొదలై అనేక రాష్ట్రాలకు విస్తరించింది.

ఈ మూడింటిలోనూ ఒకే పోలిక కనిపిస్తుంది. ఏ ఒక్క చేతి మీదా పూర్తిగా ఆధారపడలేదు. ఒక దారి మూసుకుంటే ఇంకోటి ఆదుకుంది.

ఇక చిన్న దాతల మాట. 80జి గా అందరికీ తెలిసిన ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న సంస్థకు ఇచ్చే విరాళంలో సాధారణంగా సగం మొత్తానికి, పరిమితులకు లోబడి, పన్ను ఊరట దొరుకుతుంది. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే అది వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఈ మినహాయింపు లేదు. ఉద్యోగస్థుల్లో చాలామంది ఇప్పుడు ఆ విధానంలోకే మారుతున్నారు కాబట్టి, పన్ను కోసం కాక మనసుతో ఇచ్చేవారిని వెతుక్కోవాల్సిన రోజులు సంస్థలకు వచ్చాయి.

కంపెనీల సొమ్ము, విదేశీ సొమ్ము

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం వీటిలో ఏ ఒక్కటి దాటిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. దీన్నే సీఎస్‌ఆర్ అంటున్నాం. ఆరోగ్య సంరక్షణ ఆ జాబితాలో ఉంది కాబట్టి వ్యసన చికిత్సకూ ఇవ్వవచ్చు. డబ్బు తీసుకునే సంస్థ సీఎస్‌ఆర్-1 ఫారం ద్వారా నమోదై ఉండాలి.

ఈ సొమ్ము అంబులెన్సుకు, భవనానికి, పడకలకు తేలికగా వస్తుంది, జీతాలకు అంత తేలికగా రాదు. పైగా ఒక ప్రాజెక్టుకు గడువు ఉంటుంది. మొదలైన ఏడాదిని వదిలేస్తే మూడేళ్లకు మించకూడదు. నాలుగో ఏట కౌన్సెలర్ జీతం ఎవరిస్తారన్నది మొదటి ఏడాదిలోనే ఆలోచించుకున్న సంస్థలే నిలుస్తాయి. మద్యం కంపెనీలు ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు తీసుకోవచ్చా అన్నది ఇంకో ధర్మసందేహం. చట్టం వద్దనదు. అయితే రోగి కుటుంబం ఆ పేరును గోడ మీద చూసినప్పుడు ఏమనుకుంటుందో సంస్థే తేల్చుకోవాలి.

విదేశాల్లోని తెలుగువారి సంఘాలు సాయం చేయదలిస్తే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం అడ్డు వస్తుంది. అక్కడి పౌరులైనవారు లేదా అక్కడి సంఘం ఇచ్చే డబ్బు తీసుకోవాలంటే ఇక్కడి సంస్థకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. దాని గడువు ఐదేళ్లు. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, కార్యాలయ నిర్వహణకు 20 శాతానికి మించి వాడకూడదు, ఒక సంస్థ తీసుకున్నది ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. ఈ చివరి నిబంధనతో, పెద్ద సంస్థల ద్వారా చిన్న ఊళ్ల సంస్థలకు చేరే దారి మూసుకుపోయింది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది మాత్రం ఈ చట్టం కిందికి రాదు.

రోగి రుసుము, బీమా

కొన్ని స్వచ్ఛంద కేంద్రాలు స్తోమత ఉన్నవారి దగ్గర రుసుము తీసుకుని, దానితో పేదవారికి ఉచితంగా చికిత్స చేస్తాయి. ఇది తప్పు కాదు. ఎవరికి ఎంత అన్నది రాసి గోడ మీద పెట్టడం, రసీదు ఇవ్వడం ముఖ్యం.

బీమా నుంచి వస్తుందిలే అనుకునేవారు పాలసీ కాగితం ఒకసారి చదవాలి. మానసిక అనారోగ్యానికి శారీరక అనారోగ్యంతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులు ఆ చట్టం నిర్వచనంలో ఉన్నాయి కూడా. కానీ ఆరోగ్య బీమా పాలసీల్లో ప్రామాణిక మినహాయింపుల జాబితాలో 12వది మద్యపానం, మత్తు పదార్థాల వ్యసనం చికిత్సే. ఆ ఖర్చు ఇవ్వబోమని అందులో స్పష్టంగా ఉంటుంది. చట్టానికీ పాలసీకీ మధ్య ఉన్న ఈ సందులో కుటుంబాలు నగలు తాకట్టు పెడుతున్నాయి. బీమా ఈ చికిత్సకు తలుపు తెరిస్తే స్వచ్ఛంద కేంద్రాలకు ప్రతి నెలా వచ్చే ఆదాయం ఒకటి ఏర్పడుతుంది.

తక్కువ డబ్బుతో నడిచే దారులు

అమెరికాలో 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ మన దేశంలోనూ దశాబ్దాలుగా ఉంది. తాగుడు మానినవారు, మానాలనుకునేవారు కలిసి కూర్చునే సమావేశాలు ఇవి. ఫీజు లేదు, పేరు చెప్పనక్కర్లేదు. బయటివారి విరాళం తీసుకోకూడదన్నది వారి నియమం, సభ్యులు వేసే చిల్లరతోనే గది అద్దె, టీ గడుస్తాయి. గ్రాంటు లేదు కాబట్టి గ్రాంటు ఆగిపోవడమూ లేదు. కుటుంబాల కోసం అల్-అనాన్ అని వేరే సమావేశాలు ఉన్నాయి. అయితే ఇవి వైద్యం చేయవు. మొదటి రోజుల గండానికి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

కర్ణాటకలో ధర్మస్థల క్షేత్రం గ్రామాభివృద్ధి పథకం, జనజాగృతి వేదిక కలిసి ఊరూరా పెట్టే మద్యవర్జన శిబిరాలు ఇంకో పద్ధతి. ఊళ్లోని బడో, కల్యాణ మండపమో చోటు ఇస్తుంది. స్థానిక కమిటీ బియ్యం, కూరగాయలు, చందాలు పోగు చేస్తుంది. ఎనిమిది రోజుల శిబిరం అయ్యాక మానినవారంతా నవజీవన సమితిగా ఏర్పడి తరచూ కలుస్తారు. భవనం కట్టకుండానే చికిత్స తర్వాతి పలకరింపును ఊరి భుజాల మీద పెట్టడం ఇందులో నేర్చుకోవలసింది.

తెలుగు మాట్లాడే సిరొంచా తాలూకా ఉన్న గడ్చిరోలి జిల్లాలో ముక్తిపథ్ అనే కార్యక్రమం నడిచింది. మహారాష్ట్ర ప్రభుత్వం, టాటా ట్రస్టులు, డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్‌ల ‘సెర్చ్’ సంస్థ కలిసి 2016లో దీన్ని చేపట్టాయి. గడ్చిరోలిలో మద్యనిషేధం 1993 నుంచీ ఉంది. నిషేధం ఒక్కటే చాలదని, ఊళ్లలో సంఘాలు, చికిత్స, ప్రచారం కలిసి ఉండాలని గుర్తించి ప్రభుత్వమూ ట్రస్టూ సంస్థా ఖర్చు పంచుకున్న ఉదాహరణ ఇది.

ఎవరి పద్దులోనూ లేని ఖర్చు: భాష

పైన చెప్పిన దారుల్లో దేనిలోనూ కనిపించని ఖర్చు ఒకటి ఉంది. గ్రాంటు ఇచ్చే సిబ్బంది జాబితాలో కౌన్సెలర్ ఉంటారు, నర్సు ఉంటారు, వంటమనిషి ఉంటారు. రోగి ఇంటి భాష తెలిసినవారు ఉండాలన్న పద్దు లేదు. షోలాపూర్‌లో, భివండిలో కౌన్సెలింగ్ మరాఠీలోనో హిందీలోనో జరుగుతుంది. బరంపురంలో ఒడియాలో, కోయంబత్తూరులో తమిళంలో.

మనవాళ్లకు ఆ భాషలు రావని కాదు. బడిలో, మగ్గం దగ్గర, ఆఫీసులో ఆ భాషే. కానీ ఇంట్లో గొడవ జరిగేది తెలుగులో. అమ్మ ఏడ్చేది తెలుగులో. ‘నీ వల్ల పిల్లకు సంబంధం తప్పిపోయింది’ అన్న మాట, ‘ఆ రోజు నిన్ను కొట్టాను’ అన్న మాట ఇంకో భాషలోకి మార్చి చెప్పేసరికి సగం చల్లారిపోతాయి. వ్యసన చికిత్సకు మందు ఎంత ముఖ్యమో మాట అంత ముఖ్యం. పెద్దవాళ్లు, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు కుటుంబ సమావేశానికి వచ్చి నోరు విప్పకుండా వెళ్లిపోతే చికిత్సలో సగం జరగనట్టే.

ఈ ఖర్చు పెద్దది కాదు, తెలుగు సంఘాలు మోయగలిగినదే. సంఘ భవనం ఉన్నచోట వారానికి ఒక సాయంత్రం హాలు ఉచితంగా ఇవ్వవచ్చు. దగ్గర్లోని గుర్తింపు పొందిన కేంద్రంతో మాట్లాడి, తెలుగు వచ్చిన కౌన్సెలర్‌కు వారంలో రెండు పూటల గౌరవ వేతనం భరించవచ్చు. రోగి కేంద్రంలో ఉన్నంతకాలం ఇంటికి బియ్యం, పిల్లల బడి ఫీజు చూడవచ్చు. రోజు కూలి ఆగిపోతుందన్న భయంతోనే చాలామంది చేరరు, చేరినవారు మధ్యలో వచ్చేస్తారు. ఉగాదికి, శ్రీరామనవమికి పందిళ్లు వేసి చందాలు పోగు చేసే నేర్పు మన సంఘాలకు కొత్త కాదు. అందులో ఒక పాలు దీనికి తీయడమే కొత్త.

ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వగలవారు మూలనిధిగా ఇవ్వాలి, మూలనిధికే అని రాతపూర్వకంగా చెప్పాలి. 10 లక్షల రూపాయలు 7 శాతం వడ్డీకి బ్యాంకులో ఉంటే ఏడాదికి 70 వేలు, నెలకు 5,800 పైచిలుకు వస్తుంది. దానితో కేంద్రం నడవదు, కానీ ఇంటింటికీ తిరిగే ఒక మనిషి ప్రయాణ ఖర్చులూ ఫోను ఖర్చూ గడుస్తాయి. పైగా అది ఏ దస్త్రం కోసమూ ఆగదు.

చేర్చే ముందు, చందా ఇచ్చే ముందు

కేంద్రం మంచిదో కాదో డబ్బు లెక్కల్లోనే చాలావరకు తెలిసిపోతుంది. ఈ కింది విషయాలు అడగండి, అడిగితే నొచ్చుకోని కేంద్రాన్నే ఎంచుకోండి.

1. 2017 చట్టం ప్రకారం వ్యసన చికిత్స కేంద్రం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదై ఉండాలి. ఆ ధ్రువపత్రం చూడాలి.

2. రోగిని గొలుసులతో కట్టడం, ఒంటరిగా గదిలో బంధించడం అదే చట్టం నిషేధించింది. కుటుంబాన్ని లోపలికి రానివ్వని కేంద్రాన్ని నమ్మకూడదు.

3. డాక్టరు ఏయే రోజుల్లో వస్తారు, రాత్రి నర్సు ఉంటారా అన్నది తెలుసుకోవాలి.

4. గత ఏడాది ఆడిట్ లెక్క చూపమనాలి. డబ్బు ఎన్ని దారుల నుంచి వస్తోందో చూడాలి. ఒకే గ్రాంటు మీద నడిచే కేంద్రమైతే ఆలస్యమైన నెలల్లో ఏం చేస్తారని అడగాలి.

5. కౌన్సెలర్లు ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో అడగాలి. ప్రతి ఆరు నెలలకూ మనిషి మారుతుంటే జీతాలు సరిగా అందడం లేదని అర్థం కావచ్చు.

6. ఇంటికి పంపాక ఎన్నాళ్లు, ఎలా పలకరిస్తారో, దానికి డబ్బు ఎక్కడిదో అడగాలి. అన్నిటికంటే ఎక్కువ విషయం చెప్పేది ఈ జవాబే.

చందా ఇచ్చేవారు రసీదు, పాన్ నంబరు, పన్ను మినహాయింపు వివరాలు తీసుకోవాలి. వీలైతే ఒక్కసారి పదివేలు ఇచ్చే బదులు నెలకు వెయ్యి చొప్పున పది నెలలు ఇవ్వండి. సంస్థకు అవసరమైంది లెక్క వేసుకోగలిగిన ఆదాయం.

తక్షణ సాయానికి ప్రభుత్వ ఖర్చుతో నడిచే రెండు ఉచిత ఫోను నంబర్లు ఉన్నాయి. వ్యసన విముక్తి సలహాకు 14446. మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ 14416. 2022లో మొదలైన ఈ రెండోదానిలో భాష ఎంచుకోవచ్చు, తెలుగు ఉంది. పుణెలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా తెలుగులో మాట్లాడతామని అడగవచ్చు. మత్తు మందుల చిన్న మొత్తం కేసులో చిక్కుకున్న వ్యసనపరుడు తానుగా చికిత్సకు ముందుకొస్తే, 1985 చట్టం 64ఎ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కోరవచ్చు. ‘చికిత్సకు వెళ్తే పోలీసులు పట్టుకుంటారు’ అని భయపడే కుటుంబాలకు ఈ సంగతి చెప్పండి.

మీ ఊళ్లోని తెలుగు సంఘం వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం ఒక అంశంగా పెట్టాలంటే, ముందు దగ్గర్లోని కేంద్రానికి ఇద్దరు పెద్దలు వెళ్లి రావాలి. అక్కడ తెలుగు కుటుంబాలు ఎన్ని వస్తున్నాయో, తెలుగు వచ్చినవారు ఎవరైనా ఉన్నారో లేదో అడిగి తెలుసుకుంటే, ఏం ఇవ్వాలో ఎంత ఇవ్వాలో లెక్క అక్కడే తేలుతుంది.